డిస్కు మనది, హక్కు ఎవరిది?

 

మనలో చాలామంది ఇళ్ళలో బీరువా అడుగు అరలోనో, మంచం కింద పెట్టెలోనో పాత సీడీల డబ్బా ఒకటి ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట డబ్బు పెట్టి కొన్న వీసీడీలు, డీవీడీలు అవి. హజ్ విధానం నేర్పే చిత్రం, పిల్లల నీతికథల బొమ్మల చిత్రాలు, ఇస్లాం తొలినాళ్ళపై ముస్తఫా అక్కాద్ తీసిన 1976 నాటి ‘ది మెసేజ్’, ఇలా ఎన్నో ఉంటాయి. ఇప్పుడు కొన్నిటిపై గీతలు పడ్డాయి. కొన్ని సగంలో ఆగిపోతున్నాయి. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. పాత ప్లేయరు చెడిపోతే బాగుచేసేవారు దొరకడం లేదు.

ఇలాంటప్పుడు ఇంటి పెద్దకు ఒక ఆలోచన వస్తుంది: “పూర్తిగా పాడైపోకముందే వీటిని పెన్ డ్రైవ్‌లోకో, హార్డ్ డిస్కులోకో ఎక్కించి పెట్టుకుందాం. మనం కొన్నవే కదా!” పక్కనే మరొకరికి సందేహం కలుగుతుంది: “కాపీ చేయడం నేరమంటారే! అది ఇతరుల హక్కును కాజేయడం కాదా?” ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. షరీఅత్ వెలుగులోనూ, మన దేశ చట్టం వెలుగులోనూ ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకుందాం.

ముందుగా ఒక స్పష్టత

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగమవుతుంటాయి. ఫలానా సినిమా చూడటం ధర్మసమ్మతమా అన్నది ఒక ప్రశ్న. దాని నకలు తీసుకునే హక్కు మనకుందా అన్నది మరో ప్రశ్న. సిగ్గుమాలిన దృశ్యాలున్న చిత్రాన్ని నిండు ధర పెట్టి కొన్నా అది చూడదగినదైపోదు. అలాగే ఎంత మంచి చిత్రమైనా, అందులో ఎంత గొప్ప బోధ ఉన్నా, దాని యజమాని హక్కు చెరిగిపోదు. ‘ది మెసేజ్’ లాంటి చిత్రాలు చూడటంపైన కూడా ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఈ పాఠం పరిధిలోనిది కాదు. చూడదగినదని మీ ఇంట్లో నిర్ణయించుకున్న చిత్రానికి నకలు తీసుకోవడం గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

డబ్బిచ్చి మనం కొన్నదేమిటి?

డిస్కు అంటే 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ. ఆ బిళ్ళ మనది. దాన్ని ఇంట్లో ఎన్నిసార్లయినా చూడవచ్చు, ఇతరులకు కానుకగా ఇవ్వవచ్చు, అరువివ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే ఆ బిళ్ళపై నమోదైన చిత్రాన్ని వందల ప్రతులుగా తీసి బజారులో పెట్టే హక్కు ఆ ధరలో లేదు. ఆ హక్కు నిర్మాత దగ్గరే ఉండిపోయింది.

2007 ప్రాంతంలో మన దేశంలో ఒక పెద్ద కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. కోట్లు ఖర్చుపెట్టి తీసిన సినిమా 28 రూపాయలకు ఎలా వచ్చింది? మనకు అమ్మింది ఇంట్లో చూసుకునే ఒక్క ప్రతిని మాత్రమే. సినిమా మొత్తం మీద హక్కును అమ్మి ఉంటే ఆ ధరకు వచ్చేదే కాదు. మామిడి పండు కొన్నవాడు పండుకు యజమాని అవుతాడు గాని తోటకు యజమాని కాడు కదా!

మరి బ్యాకప్ కాపీ ఈ రెంటిలో ఎటువైపు వస్తుంది? కొన్న ప్రతి ప్రయోజనాన్ని కాపాడుకోవడం ఒకటైతే, కొనని కొత్త ప్రతిని పుట్టించడం మరొకటి. ఈ పాఠంలోని చిక్కంతా ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడంలోనే ఉంది.

షరీఅత్ దృష్టిలో

కంటికి కనిపించని ఇలాంటి హక్కును ‘మాల్’ అనవచ్చా? ఈ ప్రశ్నపై ఫిఖా పండితులు చాలాకాలం చర్చించారు. హనఫీ ఫిఖా పాత గ్రంథాల్లో మాల్ అంటే చేత పట్టుకుని నిల్వ చేసుకోగల వస్తువు. ఆ నిర్వచనాన్ని బట్టి మన ఉపఖండంలోని పూర్వపు ఉలమాల్లో కొందరు గ్రంథ రచన హక్కును అమ్మదగిన ఆస్తిగా ఒప్పుకోలేదు. విద్య అందరికీ చేరాలి, దాన్ని బంధించకూడదన్నది వారి ఆందోళన.

కాలక్రమంలో జనవ్యవహారం మారింది. ముద్రణ, రికార్డింగు, కంప్యూటర్లు వచ్చాక ఈ హక్కులకు బజారులో విలువ ఏర్పడింది. షరీఅత్‌లో ‘ఉర్ఫ్’కు, అంటే ధర్మానికి విరుద్ధం కాని జనవాడుకకు, తగిన స్థానం ఉంది. ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ వంటి నేటి పండితులు ఈ హక్కును గుర్తించారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిపిన 5వ సమావేశంలో 43వ తీర్మానం ద్వారా ఈ విషయాన్ని తేల్చింది. రచన, ఆవిష్కరణ, వ్యాపార గుర్తు వంటివి వాటి యజమానుల హక్కులని, వాటికి ఆర్థిక విలువ ఉందని, షరీఅత్ వాటిని రక్షిస్తుందని, వాటిపై చేయి వేయడం తగదని దాని సారాంశం.

పాత అభిప్రాయాన్నే పట్టుకున్నవారు కూడా కొన్ని విషయాలను కాదనలేరు. సూరా మాయిదా తొలి ఆయతులోనే విశ్వాసులకు ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ ఉంది. సూరా నిసా 29వ ఆయతు ఒకరి సొమ్మును మరొకరు అక్రమంగా తినడాన్ని వారిస్తూ, ఉభయుల ఇష్టంతో జరిగే వ్యాపారాన్ని మినహాయించింది. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారన్న భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. కాబట్టి హక్కు మాల్ అవునా కాదా అన్న చర్చ ఎలా తేలినా, మాట తప్పడం, మోసగించడం, ఎదుటివారికి నష్టం కలిగించడం ఎవరి దృష్టిలోనూ ధర్మం కాదు.

ఇక మన వైపు హక్కు సంగతి. తన సొమ్మును పాడవకుండా కాపాడుకోవడం షరీఅత్ మెచ్చే పని. వృథా చేయడాన్ని అది మెచ్చదు. ఫిఖా మూలసూత్రాల్లో మొట్టమొదటిది, పనులను వాటి ఉద్దేశాన్ని బట్టి తూచాలన్నది. మరొకటి, నష్టం కలిగించరాదు, నష్టానికి బదులు నష్టమూ చేయరాదన్నది. అసలు డిస్కును ఇంట్లో ఉంచుకుని, అది చెడిపోతే పనికొస్తుందని ఒక నకలు తీసిపెట్టుకున్న వ్యక్తి ఉద్దేశం సంరక్షణ. అతడి వల్ల నిర్మాతకు ఒక్క గిరాకీ తగ్గలేదు. ఇంతవరకు ఇది ధర్మసమ్మతమేనని చెప్పవచ్చు. ఆ నకలు ఇల్లు దాటిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది.

దేశ చట్టం ఏమంటోంది?

ఒక దేశంలో నివసించేవాడు, పాపం చేయమని ఆజ్ఞాపించనంతవరకు ఆ దేశ చట్టాన్ని పాటించాలి. అది కూడా ఒక ‘అహ్ద్’, ఒక ప్రమాణమే. సూరా ఇస్రా 34వ ఆయతు ప్రకారం ప్రమాణాల గురించి ప్రశ్నించడం జరుగుతుంది.

మన దేశంలో ఇందుకు మూలం కాపీరైటు చట్టం, 1957. సినిమాకు ప్రతి తీసే హక్కు, దాన్ని ఏ సాధనంలోనైనా నిల్వ చేసే హక్కుతో సహా, 14వ సెక్షన్ ప్రకారం యజమానిదే. ఈ హక్కు చిత్రం విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1976 నాటి చిత్రానికి 2036 చివరివరకు హక్కు ఉన్నట్లే.

దీనికి మినహాయింపులు 52వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. ‘బ్యాకప్ కాపీ’ అన్న మాటను చట్టం కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలోనే వాడింది. ప్రోగ్రాము ప్రతిని సక్రమంగా పొందినవాడు, అది పోయినా పాడైనా పనికొచ్చేలా తాత్కాలిక రక్షణగా నకలు తీసుకోవచ్చునని 1994 సవరణ చెప్పింది. సినిమాల విషయంలో ఆ మాట లేదు.

సినిమాకు దారి మరోచోట ఉంది. సొంత వాడకం కోసం న్యాయమైన రీతిలో వాడుకోవడం ఉల్లంఘన కాదన్న నియమం 2012కు ముందు సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రలేఖనం వంటివాటికే వర్తించేది. 2012 జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప అన్ని రకాల కృతులకూ విస్తరించింది. ఆ పరిధిలోకి సినిమా కూడా వచ్చింది. అలాంటి సొంత వాడకం కోసం ఎలక్ట్రానిక్ సాధనంలో నిల్వ చేయడం ఉల్లంఘన కాదన్న వివరణ కూడా ఆ నియమం కిందే ఉంది.

అయితే ‘న్యాయమైన’ అన్న మాటకు చట్టం కొలత ఇవ్వలేదు. వాడిన ఉద్దేశం ఏమిటి, ఎంత వాడారు, యజమాని వ్యాపారానికి దెబ్బ తగిలిందా వంటివాటిని కోర్టులు ప్రతి కేసులోనూ విడిగా తూచి చూస్తాయి. కనుక “సినిమా మొత్తం కాపీ చేసుకోవచ్చని చట్టం రాసిచ్చింది” అనడం అతిశయోక్తి. “ఇంట్లో దాచుకున్న నకలు కూడా నేరమే” అనడమూ అంతే. కొన్న డిస్కు ఉండి, ఒకే నకలు ఉండి, ఇంటివారే చూస్తుంటే ఆ వ్యక్తి వాదనకు బలం ఉంది. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ బలం తగ్గుతూ పోతుంది.

తాళం వేసిన డిస్కు

పాత వీసీడీలకు తాళం లేదు. బజారులో అమ్మిన సినిమా డీవీడీల్లో చాలావాటికి 1996 నుంచి వాడుకలో ఉన్న ఒక సంకేతపు తాళం ఉంటుంది. దాన్ని తప్పించకుండా నకలు రాదు. ఇక్కడే చాలామంది తడబడుతుంటారు.

2012 సవరణతోనే 65ఎ సెక్షన్ వచ్చింది. కాపీరైటు హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించినవారికి 2 ఏళ్ళ వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఉల్లంఘించే ఉద్దేశం అన్న మాట ముఖ్యం. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం అలా చేయడాన్ని ఈ సెక్షన్ అడ్డుకోదు. కాకపోతే ఇంకొకరి కోసం తాళం తీసిపెట్టే వ్యక్తి, ఎవరి కోసం తీశాడో ఆ మనిషి పేరు, చిరునామా, గుర్తింపు వివరాలు, ఏ పని కోసమన్నదీ పూర్తిగా రాసి ఉంచుకోవాలి.

ఉద్దేశాన్ని బట్టి పని అన్న ఫిఖా సూత్రానికీ, ఈ సెక్షన్‌కూ ఉన్న దగ్గరితనం చూడండి. అయితే ఉద్దేశం మన గుండెలో ఉంటుంది. దాన్ని మన నడవడి నిరూపించాలి. అసలు డిస్కును అమ్మేసి నకలు దాచుకున్నవాడు “నా ఉద్దేశం సంరక్షణే” అంటే కోర్టూ నమ్మదు, మనస్సాక్షీ నమ్మదు.

విదేశాల్లోని మన బంధువులకు

అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న మన పిల్లలు ఇక్కడి నియమాన్ని అక్కడికి మోసుకుపోకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 1984లో, టీవీలో ఉచితంగా వచ్చే కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని తీర్పిచ్చింది. కానీ 1998లో అక్కడ వచ్చిన చట్టం డిజిటల్ తాళాన్ని ఛేదించడాన్నే నిషేధించింది. డీవీడీలకు ఇంటి నకళ్ళు తీసే సాఫ్ట్‌వేర్లు అమ్మిన సంస్థలకు వ్యతిరేకంగా అక్కడి ఫెడరల్ కోర్టులు 2004లోనూ, 2009లోనూ ఉత్తర్వులిచ్చాయి. బ్రిటన్‌లో 2014 అక్టోబరు 1 నుంచి సొంత నకలుకు అనుమతినిస్తూ నియమం వచ్చింది. 2015 జూలైలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. జర్మనీలో సొంత నకలు తీసుకోవచ్చు. దానికి పరిహారంగా ఖాళీ డిస్కులు, యంత్రాల ధరలో కొంత సొమ్ము హక్కుదారులకు చేరుతుంది. తాళం ఛేదించడం మాత్రం అక్కడా నిషేధమే. ఎవరు ఎక్కడుంటే అక్కడి చట్టాన్ని తెలుసుకుని నడుచుకోవాలి.

బ్యాకప్ ఎక్కడ ఆగుతుంది?

నిత్యం ఎదురయ్యే కొన్ని సందర్భాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు డిస్కు అమ్మినా, కానుకగా ఇచ్చినా: డిస్కుతోపాటు నకలునూ ఇచ్చేయాలి, లేదా చెరిపేయాలి. ఇల్లు అమ్మి దొడ్డి తలుపు తాళంచెవి దగ్గరే ఉంచుకున్నట్లు, డిస్కు అమ్మి నకలు దాచుకోవడం తగదు.

డిస్కును అరువిచ్చినప్పుడు: అరువివ్వడం పుణ్యకార్యమే. అసలు పక్కింట్లో ఉన్నన్నాళ్ళు నకలును వాడకుండా ఉండటం ఉత్తమం. ఒక్క ధరతో రెండు ఇళ్ళు ఒకేసారి చూసినట్లు కాకూడదు.

ఇతరుల నుంచి అరువు తెచ్చిన డిస్కుకు, అద్దెకు తెచ్చిన డిస్కుకు నకలు: దీన్ని బ్యాకప్ అనరు. కాపాడుకోవడానికి అక్కడ మన సొమ్మేమీ లేదు. అరువిచ్చినవారు మనకు చూడటానికే ఇచ్చారు.

అసలు విరిగిపోతే: నకలును వాడుకోవచ్చు. అది తీసింది అందుకే. విరిగిన డిస్కును, దాని డబ్బాను పారేయకుండా ఉంచుకోండి. మీరు కొన్నారనడానికి అదే సాక్ష్యం.

నకలు తీయకముందే విరిగిపోతే: “ఒకసారి కొన్నాను కదా” అని ఇంటర్నెట్‌లో దొంగప్రతిని దింపుకోవడం సరికాదు. మార్కెట్లో గ్లాసు కొని పగలగొట్టుకున్నవాడికి మరో గ్లాసు ఉచితంగా తీసుకునే హక్కు రాదు. పైగా ఆ ప్రతిని పెట్టినవాడు యజమాని హక్కును కాలరాసినవాడు. అతడి దగ్గర తీసుకోవడం ఆ పనికి తోడ్పడటమే.

ఇంటర్నెట్‌లో నెలవారీ చందా కట్టి చూసే సినిమాలు: అక్కడ మనం కొన్నది ప్రతి కాదు, చూసే అనుమతి మాత్రమే. చందాతోపాటే ఆ అనుమతి ముగుస్తుంది. ఆ సంస్థ తన యాప్‌లో దాచుకోనిస్తే దాచుకోవచ్చు. తెరను రికార్డు చేసి పెట్టుకోవడం బ్యాకప్ కాదు. చందా కట్టేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కాం. అదీ ఒప్పందమే.

వారసత్వంలో: అబ్బాజాన్ వదిలివెళ్ళిన డిస్కులు కూడా తర్కాలో, అంటే మృతుని ఆస్తిలో భాగమే. ఖననం ఖర్చు, అప్పులు, వసియ్యత్ పోగా మిగిలినవి వారసులవి. నలుగురు పిల్లలున్నారని ఒక డిస్కును నాలుగు నకళ్ళు చేసి పంచుకుంటే అది వారసత్వం పంపకం కాదు. అబ్బాజాన్ దగ్గర ఉన్నది ఒక్క ప్రతి. ఆయన దగ్గర లేని మూడు ప్రతులను పిల్లలు పుట్టించినట్లవుతుంది. అందరి ఇష్టంతో ఎవరో ఒకరు తీసుకోండి. నకలు దానితోపాటే వెళ్ళాలి. ఆపా ఇంట్లో డిస్కు ఉంటే పండుగనాడు అందరూ ఆపా ఇంటికి చేరి కలిసి చూడండి. రక్తసంబంధాలూ బలపడతాయి.

నికాహ్ వీడియో సంగతి వేరు

కొందరు ఈ భయంతో తమ ఇంటి శుభకార్యాల వీడియోలకు కూడా నకలు తీయడానికి జంకుతారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వీడియో విషయంలో 17వ సెక్షన్ స్పష్టంగా ఉంది. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న వ్యక్తే దాని తొలి హక్కుదారు. కాబట్టి మీ ఇంటి వీడియోకు ఎన్ని నకళ్ళయినా తీసి బంధువులకు ఇవ్వవచ్చు. వీడియోగ్రాఫరుతో రాసుకున్న కాగితం ఉంటే ఒకసారి చదవండి.

అయితే అందులో వెనకాల కలిపిన పాట మనది కాదు. అంతకంటే పెద్ద విషయం, అందులో పరదా పాటించే ఇంటి స్త్రీల ముఖాలుంటాయి. చట్టం మనకిచ్చిన హక్కును వాడుకోవడంలో వారి అమానత్‌ను మరువరాదు. పెన్ డ్రైవ్ ఎవరి చేతికి వెళుతుందో చూసుకోండి. దుకాణంలో నకలు తీయిస్తే అక్కడి కంప్యూటరులో ప్రతి మిగిలిపోకుండా దగ్గరుండి చెరిపించండి.

ఇక్కడే ఒక ఉపకారమైన మాట. ఇంటి వీడియోలు సాధారణంగా రాయదగిన డిస్కులపై ఉంటాయి. వాటిలో సమాచారాన్ని మోసేది ఒక రంగు పొర. ఎండకు, వేడికి అది వెలిసిపోతుంది. డిస్కులను నిలువుగా, డబ్బాలో, నీడలో ఉంచండి. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దవద్దు. ఏ ఇబ్బందీ లేని నకలు ఇదే కాబట్టి ముందుగా దీన్నే తీసి పెట్టుకోండి.

దుకాణం నడిపే సోదరులకు

సెల్ దుకాణాలు, కంప్యూటరు దుకాణాలు నడిపే మన యువకులు చాలామంది ఉన్నారు. “భాయ్, ఈ పెన్ డ్రైవ్ నిండా సినిమాలు ఎక్కించు” అంటూ గిరాకీ వస్తుంది. ఎక్కించకపోతే పక్క దుకాణానికి పోతాడు. ఆ సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళే డబ్బులు తగ్గుతాయి. ఆ బాధ నిజమైనదే. కానీ అది బ్యాకప్ కాదని ఆ సోదరుడికీ తెలుసు. గిరాకీ ఒక్క డిస్కూ కొనలేదు. దుకాణమూ కొనలేదు.

తెలిసి ఉల్లంఘించినవారికి 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయని సందర్భంలో కోర్టు శిక్ష తగ్గించవచ్చు. దుకాణానికి ఆ వెసులుబాటు దొరకదు. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరం ఇదని సుప్రీంకోర్టు 2022 మే 20న తీర్పిచ్చింది. ఇంటి పోషణకర్త జైలుకు వెళితే ఆ ఇల్లు ఏమవుతుంది? అంతకన్నా ముందు, పిల్లల కంచంలో పెడుతున్న అన్నం ఎలాంటిదన్న ప్రశ్న ఉంది.

గిరాకీ తన సొంత డిస్కు తెచ్చి నకలు తీయమంటే? చట్టం ఇచ్చిన వెసులుబాటు సొంత వాడకానికి. దుకాణం చేసేది వ్యాపారం. కనుక బజారు సినిమాల నకలును ఎవరింట్లో వారే తీసుకోవడం క్షేమం. దుకాణానికి హలాల్ పనులకు కొదవలేదు. పెళ్ళి క్యాసెట్లను, ఇంటి వీడియోలను పెన్ డ్రైవ్‌కు మార్చడం, డిస్కులు, ప్లేయర్లు శుభ్రం చేసి బాగుచేయడం, పోయిన సొంత ఫోటోలను తిరిగి తీసిపెట్టడం వంటివి నమ్మకంగా చేసేవారి కోసం జనం వెతుక్కుంటూ వస్తారు. రోజీ ఇచ్చేవాడు అల్లాహ్. హలాల్ తలుపు తట్టినవాడిని ఆయన నిరాశపరచడు.

కొన్ని సాకులు

“సినిమావాళ్ళ సంపాదనే అలాంటిది, వారికి హక్కేమిటి?” అనేవారున్నారు. మక్కా ఖురైషులు దైవప్రవక్త (స)ను ఊరు వెడలగొట్టారు, చంపడానికి పథకం వేశారు. అయినా వారి సొమ్ము ఆయన దగ్గర అమానత్‌గా ఉండేది. హిజ్రత్ రాత్రి, ఎవరి సొమ్ము వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని ఆయన వెనక ఉంచి వెళ్ళారు. ప్రాణశత్రువు సొమ్ము విషయంలోనే అంత జాగ్రత్త చూపిన ప్రవక్త ఉమ్మత్ మనం. ఎదుటివాడి నడత బాగాలేదని అతడి హక్కు మనకు హలాల్ అయిపోదు.

“అంత పెద్ద కంపెనీకి మన ఒక్క కాపీతో ఏమవుతుంది?” అనేవారూ ఉన్నారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ హెచ్చరించింది. తూకంలో తగ్గించిన గుప్పెడు గింజలు కూడా చిన్నవే కదా!

సాటి మనుషుల హక్కు చాలా బరువైనది. నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకుని వచ్చినా, ఇతరుల సొమ్ము తిన్న కారణంగా ఆ పుణ్యాలన్నీ బాధితులకు పంచి ఇవ్వాల్సివచ్చే నిరుపేద గురించి దైవప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆనాడు రశీదు చూపి తప్పించుకోలేం.

గతంలో పొరపాటు జరిగిపోయిన వారికి దారి మూసుకుపోలేదు. దొంగప్రతులను చెరిపేయండి. ఇతరులకు పంచినవుంటే, చెరిపేయమని వారికి చెప్పండి. చూసిన చిత్రానికి అసలు ప్రతి దొరికితే కొనండి, లేదా సక్రమమైన పద్ధతిలో ధర చెల్లించండి. హక్కుదారు ఎవరో తెలియని సందర్భంలో ఆ విలువను అతడి తరఫున సదఖా చేయమని ఉలమా సలహా ఇస్తారు. అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోండి.

పాఠ సారాంశం

1. ధర పెట్టి కొన్న అసలు డిస్కు ఇంట్లో ఉంటే, అది చెడిపోతుందన్న జాగ్రత్తతో ఇంటి వాడకానికి ఒక నకలు తీసుకోవడంలో ధర్మపరంగా తప్పు కనిపించదు. 2012 సవరణ తర్వాత మన దేశ చట్టంలో కూడా దానికి ఆధారం ఉంది.

2. నకలు అసలును అంటిపెట్టుకుని ఉండాలి. అసలు ఇల్లు దాటితే నకలు కూడా దాటాలి, లేదా చెరిగిపోవాలి.

3. అరువు డిస్కు, అద్దె డిస్కు, చందా సినిమా, ఇంటర్నెట్ దొంగప్రతి, వీటిలో దేనికీ బ్యాకప్ అన్న పేరు పెట్టరాదు.

4. తాళం ఉన్న డిస్కు విషయంలో ఉద్దేశమే ముఖ్యం. సందేహం తీరనివారు దాన్ని వదిలేయడం మేలు. హలాల్, హరామ్‌ల మధ్య ఉన్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నట్లేనన్న ప్రవక్త (స) బోధ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఈ నెల ఒక సాయంత్రం ఆ పాత డబ్బాను బయటికి తీసి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకోండి. ఏది కొన్నది, ఏది అరువు తెచ్చి తిరిగి ఇవ్వనిది, ఏది ఎవరో కాపీ చేసి ఇచ్చినది, వేరు చేయించండి. అరువు తెచ్చినవాటిని సొంతదారులకు చేర్చండి. అమానత్ అంటే ఏమిటో ఎన్ని పాఠాలు చెప్పినా తెలియనిది పిల్లలకు ఆ ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, హలాల్ వాడకాన్ని ప్రసాదించుగాక! సాటి మనుషుల హక్కుల భారం మన భుజాలపై లేకుండా తన సన్నిధికి చేర్చుగాక! ఆమీన్. వల్లాహు ఆలం.